ఫిడేలు నాయుడుగారు

1952వ సంవత్సరమున మన ఢిల్లీ నగరమున ఒక ఫిడేలు కచేరి జరిగెను. దానివలన వచ్చిన ధనము విద్వాంసునికి గాక అంధుల సహాయనిధికి చేరెను. వాయించినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. అప్పటికి వారికి అరువది యేండ్లు సమీపించుచున్నవి. చిన్ననాటినుండియు వారి చూపు మందము. ఇతరుల కష్టము చూచి జాలిపడి చేసిన దానము కాదది. ఆ సంస్థ తమ మనస్సునకు ఎంత దగ్గరిదో వారు దాచుకొనలేదు.

ప్రతి సంవత్సరము మన సంచికలో త్యాగరాజస్వామిని గూర్చియో, అన్నమాచార్యులను గూర్చియో ఒక వ్యాసముండుట ఆచారమైనది. వారు మహానుభావులు. వారిని తలచుట మన భాగ్యము. ఐనను ఈ పర్యాయము నాకు వేరొక కోరిక పుట్టినది. మనవలె నెలజీతమునకు పనిచేసి, హాజరుపట్టీ, వేళకు గంట, పరీక్షలు, సెలవులు అనువాని నడుమ తమ కళను నిలుపుకొన్న ఒక తెలుగువాని కథ చెప్పవలెననిపించినది. కచేరీలు చేయు విద్వాంసులు పాఠములు చెప్పుటకు దిగుట సామాన్యముగా వయస్సుడిగిన తరువాత జరుగు పని. నాయుడుగారి విషయమున ఇది తలక్రిందులైనది. వారు ఇరువదియారవ యేటనే బడిలో కూర్చుండిరి. వారి పేరు దేశమున మారుమ్రోగినది ఆ బడిలో కూర్చున్న తరువాతనే.

నేను నాయుడుగారిని చూచినవాడను కాను. నేను పుట్టునప్పటికి వారు గతించి పదునైదేండ్లు దాటినవి. ఆకాశవాణివారు ఎప్పుడైన దయతలచి వేయు పాత ధ్వనిముద్రణలే నాకు వారితో గల పరిచయము. కావున వారి కచేరీలో ముందువరుసను కూర్చుండి విన్న పెద్దలెవరైన ఈ వ్యాసము చదివినచో, నా మాటలలోని కొరతను మన్నింతురు గాక.

వెంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది మాత్రము విశాఖపట్నమున. దీపావళినాడు పుట్టిన బిడ్డకు కన్నులు సరిగా కనబడకపోవుట విధివిలాసమే. ఆ కాలమున చూపు తక్కువైన పిల్లవానికి బడిచదువు సాగుట కష్టము. చదువు సాగనివాడు ఉద్యోగమున కెక్కుట మరియు కష్టము. అటువంటి పిల్లవాని చేతికి ఫిడేలు వచ్చినది. ఇచ్చినవారు అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు. తొలిగురువు ఆయనయే. ఇంటిలో అన్న తమ్మునికి విద్య చెప్పుట మనకు కొత్త కాదు. కాని అన్నలలో తిట్టువారే యెక్కువ, చెప్పువారు తక్కువ. వెంకటకృష్ణయ్యగారు చెప్పినవారు.

ఈ ఫిడేలును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇది మన వాద్యము కాదు. పాశ్చాత్యులతో ఓడలలో వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని నేర్చి మన సంగీతమునకు అమర్చెను. దీక్షితులవారి శిష్యుడైన తంజావూరు వడివేలు దీనియందు ఆరితేరి, 1834లో తిరువాన్కూరు ప్రభువైన స్వాతితిరునాళ్ చేత దంతపు ఫిడేలును బహుమతిగా పొందెను. అటుపిమ్మట నూరేండ్లు తిరుగకముందే ఫిడేలు లేని పాటకచేరి లేదనునంతటి స్థితి వచ్చినది. తెలుగులో దీనికి వాయులీనమను అందమైన పేరు కలదు. పుస్తకములందు అది నిలిచినది. జనులు మాత్రము ఫిడేలనియే అనిరి. వెంకటస్వామినాయుడుగారిని ఫిడేలు నాయుడుగారనియే పిలిచిరి.

వీణకు ఇరువదినాలుగు మెట్లు. ఏ స్వరము ఏ మెట్టుపై నున్నదో కంటికి కనబడును, వ్రేలికి తగులును. ఫిడేలుకు మెట్లు లేవు. నున్నని పలకపై నాలుగు తంత్రులు మాత్రముండును. గాంధారమెక్కడ, మధ్యమమెక్కడ అని చూపు గుర్తేదియు లేదు. వ్రేలు వెండ్రుకవాసి జరిగినను అపశ్రుతి. కావున ఆ వాద్యమును వాయించువానికి కన్నులెంత మంచివైనను ప్రయోజనము లేదు. చెవి యొక్కటే దిక్కు. మేము నివసించు రామకృష్ణపురపు సర్కారు క్వార్టర్లలో మేడమీది యింటి పిల్లవాడు ఫిడేలు నేర్చుకొనుచున్నాడు. మొదటి ఆరుమాసములు ఆ మెట్ల వరుసలోని వారందరము ఈ సత్యమును సాయంకాలమెల్ల విని తెలిసికొంటిమి. చూపు మందమైన బాలుడు ఈ వాద్యమును చేపట్టుటలో లోకము లోపమును చూచి యుండవచ్చును. వాద్యము దృష్టిలో చూచినచో వాడు తక్కినవారికి ఏమాత్రము తీసిపోడు.

ఐతే ఆ కాలమున ఫిడేలు వానికి దొరకు స్థానమేమి? పక్కవాద్యము. గాయకుడు మధ్యను కూర్చుండును. ఫిడేలువాడు ప్రక్కను కూర్చుండును. శ్రుతి గాయకునిది, కృతి గాయకునిది, కాలప్రమాణము గాయకునిది. ఆయన ఏ రాగమెత్తుకొనునో ఇతనికి ముందుగా తెలియదు. సంగతి వెంట సంగతి నీడవలె అనుసరింపవలెను. రాగాలాపనలో గాయకుడు విశ్రమించినప్పుడు తన వంతు వచ్చును. అదియు ఆయన పరచిన మేరకు మించరాదు. మించినచో అవినయమందురు, తగ్గినచో అసమర్థత యందురు. మన కార్యాలయములలో ఫైలుపై నోటు వ్రాయు వారికి ఈ యిరకాటము వేరుగ వివరింప పనిలేదు. నాయుడుగారు ఈ పనిలో పేరుపొందిరి. మహాగాయకులకు పక్కవాద్యము వాయించిరి. ఒకరి మనస్సులో పుట్టబోవు స్వరమును క్షణము ముందుగ పసిగట్టు ఆ వినికిడి, తరువాతి కాలమున బడిపిల్లల చేతులలోని తప్పును పసిగట్టుటకు పనికివచ్చినది.

ఇక విజయనగరము. ఆ ఊరిపేరు చెప్పినంతనే కొందరికి గురజాడవారు, కొందరికి కోడి రామమూర్తిగారు, మరికొందరికి పైడితల్లి సిరిమాను స్ఫురింతురు. 1979లో అది ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నేను చెప్పుచున్న నాడు విశాఖపట్నము జిల్లాలోని ఒక సంస్థానపు ఊరు. పూసపాటివారి కొలువున వాసావారి వంటి వైణిక వంశములు వర్ధిల్లినవి. ఆ ప్రాంతమున రాజ్యమేలినది వీణ. ఫిడేలు తరువాతి వచ్చినది.

1919వ సంవత్సరమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారు అచ్చట సంగీత పాఠశాలను నెలకొల్పిరి. దానికి హేతువుగా ఒక కథ చెప్పుదురు. చాగంటి జోగారావుగారను దివాణపు ఉద్యోగికి ఒక కొడుకు కలడు. ఆ బాలుడు పుట్టుగ్రుడ్డి. సంగీతమన్న ప్రాణము. వానికి విద్య చెప్పించుమార్గము తోచక తండ్రి రాజుగారితో మొరపెట్టుకొనగా, ఒక్కనికి ఒక గురువును కుదుర్చుటకంటె పదిమందికి ఒక బడి పెట్టుట మేలని రాజుగారు తలచిరట. ఒక ఉద్యోగి యింటి కష్టము ఒక విద్యాలయమైనది. ఇప్పటి పద్ధతిలోనైనచో ఆ అర్జీ ఎన్ని బల్లలు తిరిగి యుండెడిదో చదువరులే ఊహింపగలరు.

అప్పటి దేశస్థితినిబట్టి చూచిన ఇది సామాన్యమైన పని కాదు. లాహోరున విష్ణుదిగంబర్ పలుస్కర్‌గారు గాంధర్వ మహావిద్యాలయము స్థాపించినది 1901లో. లక్నోలో భాత్‌ఖండేగారి పూనికతో కళాశాల వెలసినది 1926లో. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లోను, చిదంబరములోని అణ్ణామలై విశ్వవిద్యాలయము 1929లోను పుట్టినవి. దక్షిణాదిలో సంగీతమునకు బడి యనునది ఇంకను వింతగా నున్ననాడే విజయనగరమున గంట మ్రోగినది.

ఆ పాఠశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథా పితామహులు, బహుభాషా కోవిదులు, ఏకకాలమున పంచతాళములను చూపగల ప్రజ్ఞావంతులు. అంతటి స్వతంత్రుని చేత ఉద్యోగము చేయించుట ఎట్లు? నరులకు కొలువు చేయనని దాసుగారి పట్టు. దానికి రాజుగారొక ఉపాయము పన్నిరని చెప్పుదురు. పాఠశాలకు శ్రీ విజయరామ గానపాఠశాల యని పేరు పెట్టి, ఇది శ్రీరామచంద్రుని బడి, రామునికి సేవచేయుడని కోరిరట. దాసుగారు అంగీకరించిరి. విజయరాముడనునది రాజుగారి పేరు కూడ నగుట దాసుగారికి తెలియకపోలేదు. పెద్దల మధ్య ఇట్టి మర్యాదలుండును.

ఈ పాఠశాల తెరచిన నాడే వెంకటస్వామినాయుడుగారు అక్కడకు చేరిరి. ఉద్యోగమునకు గాదు, విద్యార్థిగ చేరుటకై వెళ్ళిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. వారి వాదనము విన్న పెద్దలు ఈ యువకునికి నేర్పదగినది మావద్ద లేదని, ఫిడేలు ఆచార్యునిగానే నియమించిరి. అప్పటికి వారికి ఇరువదియారేండ్లు నిండుచున్నవి. విద్యార్థుల వరుసలో కూర్చుండవచ్చిన వాడు ఆచార్యపీఠమున కూర్చుండెను. గ్రుడ్డిబాలునికై పుట్టిన బడిలో చూపు మందమైన యువకుడు ఉపాధ్యాయుడయ్యెను. ఈ రెండు సంగతులును కలిసివచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను బడిచదువు సాగని వానికి ఒక బడి తలుపు ఇంత విశాలముగ తెరచుకొనుట నాకు ఎంతయు ఆశ్చర్యముగొల్పు విషయము.

ఇందులో లాభమెంత, నష్టమెంత? విద్వాంసునికి కీర్తి కావలెనన్నచో మద్రాసు చేరవలెను. సభలు అక్కడ, పత్రికలు అక్కడ, గ్రామఫోను కంపెనీలు అక్కడ. విజయనగరము మద్రాసునకు రైలుదారిని 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అంత దూరమున నివసించు పక్కవాద్యగాడు సభవారి జ్ఞాపకమునుండి జారిపోవుట సులభము. జీతపు ఉద్యోగము అన్నము పెట్టును, కాని వేళలను కట్టివేయును. యౌవనమున, చేతివ్రేళ్ళలో సత్తువ ఉరకలువేయునప్పుడు, సరళీస్వరములు వాయించు పిల్లల నడుమ ప్రతిదినము కూర్చుండుట త్యాగమనియే పలువురు తలచి యుందురు. నాకు అట్లు తోచదు. జీతము కొందరిని మందగొడిగ చేయును. ఆ జాడ్యము మనకు తెలియనిది కాదు. కాని ఒక సభ తరువాత ఒక సభను వెదుకుకొను దైన్యమును అదే జీతము తప్పించును. నాయుడుగారికి అది తమ వాద్యమును తాము వినుటకు కావలసిన తీరికను ఇచ్చినది.

పాఠము చెప్పుట యనగా విడదీయుట. వాయించువానికి చేయి వెళ్ళునది, ఎట్లు వెళ్ళునో అడుగ పనిలేదు. చెప్పువానికి అట్లు గాదు. కమాను ఎంత బరువుతో మోపవలెను, ఎక్కడ తేల్చవలెను, గమకమునకు వ్రేలు ఎచ్చట బయలుదేరి ఎచ్చట ఆగవలెను అన్న ప్రశ్నలకు ప్రతి పిల్లవానికి ప్రతి దినము సమాధానము చూపవలెను. ఫిడేలు నేర్చు పిల్లవాడు నేలపై కూర్చుండి వాద్యపు తలను చీలమండపై ఆనించి, రెండవకొనను రొమ్మునకు చేర్చి పట్టును. నాలుగు తంత్రులను షడ్జపంచమములకు రెండు స్థాయిలలో శ్రుతి చేయుదురు. తరువాత మాసములకొలది కమాను లాగుటయే పని. పొట్టిపొట్టిగ గీకుట సులభము. కమాను ఈ కొసనుండి ఆ కొసవరకు ఒకే బిగువున, ఒకే నాదమున లాగుట కష్టము. నాయుడుగారి వాదనమునకు ప్రాణమైనది ఈ దీర్ఘమైన కమానే. పాశ్చాత్యుల వాదనపద్ధతిలోని మేలును గ్రహించి, మన రాగభావమునకు భంగము లేకుండ దానిని ఇముడ్చుకొనిరని తెలిసినవారందురు. నేను విన్న ధ్వనిముద్రణలలో నాకు అబ్బురమనిపించినది వేగము కాదు. ఒక స్వరముపై నిలిచినప్పుడు ఆ స్వరము సన్నగిల్లక, బరువెక్కక, ఊపిరివలె సాగుట.

వినికిడి యన్న మాట వారికి చాల ప్రియమైనది. సాధనకంటె వినికిడి తక్కువది కాదని వారి మతము. కళాకారుడు తోటివారి పాటను వినవలెను, తన వాద్యమును తాను వినవలెను, అన్నిటికంటె ముందు శ్రుతిని వినవలెను. తంబురా లక్షణములను గూర్చి వారు ప్రత్యేకముగ ఒక ప్రసంగమే చేసిరి. మనలో పెక్కుమందికి తంబురా యనగా గాయకుని వెనుక ఎవరో మీటుచుండు వాద్యము. పాట ప్రారంభమైనంతనే దానిని మరచెదము. నాయుడుగారు ఆ మరచిన వాద్యమును ముందునకు తెచ్చి, దాని నాదమున ఏమేమి పలుకుచున్నదో విప్పి చెప్పిరి. మెట్లు లేని వాద్యమును చేపట్టిన వానికి తంబురాయే మెట్టు, తంబురాయే దీపము.

గురుకులపద్ధతికిని కళాశాలపద్ధతికిని గల తగవు ఇప్పటికిని తీరలేదు. గురువుగారి యింట నీళ్ళు తోడి, అంగవస్త్రములు ఉతికి, ఆయన మనస్సు కరగిననాడు ఒక కృతి నేర్చుకొనుటలో గల లోతు, గంట కొట్టగానే లేచిపోవు తరగతిలో రాదందురు. అందు నిజము లేకపోలేదు. కాని గురుకులమునకు తలుపు ఇరుకు. కులమో, బంధుత్వమో, గురువుగారి చనువో ఉన్నవారికే అందు ప్రవేశము. బడికి తలుపు వెడల్పు. విజయనగరపు బడిలో ఎవరెవరు చదివిరో చూచినచో ఈ మాట విశదమగును.

1936లో నారాయణదాసుగారు పదవి విరమించగా నాయుడుగారు కళాశాలకు అధ్యక్షులైరి. దాసుగారి పీఠమున కూర్చుండుట సులభమైన పని కాదు. దాసుగారు సభలో నిలిచినచో సింహము. నాయుడుగారు అట్టి వాగ్ధాటి గలవారు కారు. వారి మాట వ్రేళ్ళలో నుండెను. అప్పటికే పదునేడేండ్లుగ ఆ గోడల నడుమ పాఠములు చెప్పి యుండుటయే వారి అర్హత.

రెండేండ్ల తరువాత, 1938లో, వెల్లూరున వారొక క్రొత్తపని చేసిరి. పాట లేదు, మధ్యనున్నది ఫిడేలే. కచేరి అంతయు ఫిడేలుదే. ఫిడేలును ప్రక్కనుండి మధ్యకు తెచ్చిన తొలి సోలో కచేరి అదియేనని పలువురు వ్రాసినారు. తొలిదా, కాదా యను వాదము పండితులకు విడిచెదను. నాకు ముఖ్యముగ తోచునది తేదీ. ఉపాధ్యాయుడైనది 1919లో, ఏకాకిగ వేదికపై మధ్యను కూర్చున్నది 1938లో. నడుమ పందొమ్మిదేండ్లు. శ్రుతి తానే నిర్ణయించి, రాగము తానే ఎన్నుకొని, సాహిత్యము లేకయే సాహిత్యభావము పలికించు ధైర్యము ఒక్కనాటిలో రాదు. గాయకుని వెంట నడచినవాడు వినుట నేర్చును. పిల్లలకు చెప్పినవాడు విడదీయుట నేర్చును. ఆ రెండును పండిన చేయి వెల్లూరులో వాయించినది. బడి వారి కచేరిని తినివేయలేదు, కచేరిని పెంచినది.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారిని సంగీతకళానిధి బిరుదుతో సన్మానించినది. 800 కిలోమీటర్ల దూరమును బడిపంతులు జయించెను.

ఆ దినములలోనే కృష్ణాజిల్లానుండి ఒక పేదబాలుడు విజయనగరము చేరెను. తండ్రి లేడు. చేతి ఉంగరము అమ్ముకొని ఆ డబ్బుతో వచ్చెను. వచ్చిచూచునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. ఉండుటకు చోటు లేదు, తినుటకు దారి లేదు. అధ్యక్షులైన నాయుడుగారిని ప్రార్థింపగా కళాశాల ఆవరణమున తల దాచుకొనుటకు అనుమతించిరి. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. సెలవులలో ఒక కుర్రవానిని కళాశాలలో ఉండనిచ్చుట ఏ నిబంధన క్రింద వచ్చునో నాకు తెలియదు. మన శాఖలలో ఇట్టి దానికి ముందుగ పూచీపత్రము అడుగుదుము.

కథ అంతతో సుఖముగ ముగియలేదు. తోటి విద్యార్థులు చేసిన యొక అల్లరికి నింద ఈ బాలునిపై పడగా, అతనిని కళాశాలనుండి తొలగించిరి. ఏ తలుపు తెరచుకొన్నదో ఆ తలుపే మూసికొన్నది. ఊరిలో మధూకరము చేసికొని, జోలె పట్టి అన్నము తెచ్చుకొని ఆ బాలుడు దినములు గడపెను. ఆ దశలో పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరి చినగురువుగారని పేరుపడిన ఆ కళాశాల గాత్రాచార్యులు, అతనిని తమ యింట చేర్చుకొని విద్య చెప్పిరి. పిదప అతడు మరల కళాశాలలో చేరి చదువు ముగించెను. మంచి సంస్థలును ఒక్కొక్కప్పుడు కాగితము చూచి మనుష్యుని చూడవు. ఘంటసాలవారి జీవితచరిత్రలలో ఈ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు కొంచెము సిగ్గుగ నుండును, ఎందుకనగా తప్పు చేసిన కుర్రవాడెవడో విచారింపక మొదటి చేతికి దొరకినవానిపై వేటు వేయు అలవాటు ఆ ఊరికి, ఆ కాలమునకు మాత్రమే చెందినది కాదు.

అదే విజయనగరమున 1935లో పుట్టిన పి. సుశీలగారు బాల్యమున ఈ కళాశాలలోనే, నాయుడుగారి శిక్షణలో సంగీతము చదివిరి. ఒక ఫిడేలు విద్వాంసుని బడిలో చదివిన గాయకులు ఇరువురు తెలుగువారి ప్రతి యింట, ప్రతి రేడియోలో దశాబ్దములకొలది పలికిరి. వారి గొంతులలో స్వరము జారక, వణకక, శ్రుతిలో కుదురుగ నిలుచు గుణమును వినునప్పుడు ఆ దీర్ఘమైన కమాను నాకు జ్ఞప్తికి వచ్చుట నా ఊహ కావచ్చును. 1940 ప్రాంతమున ఆ బడిలో చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు నాయుడుగారి కుటుంబములోని వారైన ద్వారం నరసింగరావునాయుడుగారి వద్ద తొలిపాఠములు నేర్చి, పెద్ద గాయకులై సంగీతకళానిధులైరి. ఫిడేలులో మారెళ్ళ కేశవరావుగారి వంటివారు శిష్యులు. ఇంటిలో కుమార్తె మంగతాయారుగారు, కుమారుడు భావనారాయణరావుగారు ఆ వాద్యమునే చేపట్టిరి.

1952లోనే పాశ్చాత్య జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ నెహ్రూగారి ఆహ్వానముపై మొదటిసారి భారతదేశమునకు వచ్చెను. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తిగ నున్న పి. వి. రాజమన్నారుగారు తెలుగు నాటకకర్తలు, కళారసికులు. వారి యింట నాయుడుగారు మెనూహిన్‌కు తమ ఫిడేలు వినిపించిరి. ఒకరు నిలుచుండి భుజముపై గడ్డము క్రింద పట్టి వాయించువారు. ఒకరు నేలపై కూర్చుండి పాదముపై ఆనించి వాయించువారు. వాద్యము ఒక్కటే. నూటయేబది యేండ్ల క్రిందట ఓడ దిగిన ఫిడేలు మన చేతిలో ఏమైనదో చూచుటకు దాని పుట్టినింటివారు వచ్చినట్లున్నది ఆ సందర్భము. మెనూహిన్ మిక్కిలి మెచ్చుకొనెను. సభామందిరము కాదు, టిక్కెట్లు లేవు. ఒక పెద్దమనిషి యింటిలోని గది. అచ్చట నుండగలిగిన వారిని తలచిన నాకు అసూయ కలుగును.

ఢిల్లీ కచేరియు ఆ యేటిదే. ఆ రెండింటిలో లోకము మొదటిదానినే ఎక్కువగ తలచును. విదేశీయుని మెప్పు మనకెప్పుడును తీపి. నాకు రెండవది పెద్దదిగ తోచును. కన్నులు కనబడవని బడిచదువునకు దూరమైన బాలుడు, గ్రుడ్డిబాలునికై పుట్టిన బడిలో ముప్పది యేండ్లకు పైబడి గడపి, తుదకు దేశరాజధానికి వచ్చి కన్నులు లేనివారికై కమాను పట్టెను.

తరువాత బిరుదులు వరుసగా వచ్చినవి. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ. ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణులను జేసినది. బడిలో పై తరగతులు చూడనివానికి విశ్వవిద్యాలయము చేసిన గౌరవమిది. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. అంతకు పదునేడు దినముల ముందే వారికి డెబ్బదియొక యేండ్లు నిండినవి.

1993లో వారి శతజయంతికి భారత తపాలాశాఖవారు ఒక స్మారక బిళ్ళను వెలువరించిరి. మద్రాసులో వారి పేర స్మారక ధర్మనిధి వెలసినది. విశాఖపట్నమున విగ్రహము నిలిచినది.

విజయనగరపు బడి ఇప్పుడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యను పేర నడచుచున్నది. 2019లో దానికి నూరేండ్లు నిండినవి. సెలవులకు ఆ వైపు వెళ్ళు సభ్యులెవరైన రైలు దిగినప్పుడు ఒక్కగంట తీరిక చేసికొని అచ్చటికి వెళ్ళవచ్చును. ఫిడేలు తరగతిలో పిల్లలు నేలపై కూర్చుండి, ముందుగ షడ్జమును వెదకుచుందురు.